పాతబస్తీకీ ఓ తీరముంది!

హైదరాబాద్‌కు సముద్రం లేదు. అలల చప్పుడు వినాలంటే సూర్యలంకకో, మచిలీపట్నానికో వెళ్లాలి. ఎటు వెళ్లినా మూడొందల కిలోమీటర్ల పైమాటే! అయినా ఈ ఊళ్లో సాగరాలకు కొదవేం లేదు. హుస్సేన్‌సాగర్, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్... చెరువు తవ్వి దానికి సాగరమని పేరు పెట్టుకుని మురిసిపోవడం హైదరాబాదీలకు నాలుగున్నర శతాబ్దాలుగా అలవాటే. ఆ ముచ్చట ఇంకా తీరినట్టు లేదు. 2025లో కొత్వాల్‌గూడ దగ్గర 35 ఎకరాల్లో 225 కోట్ల రూపాయలతో కృత్రిమ బీచ్ కట్టాలన్న ప్రతిపాదన వార్తల్లోకెక్కింది. ఇసుక తెచ్చి పోస్తారట. అలలు కూడా పుట్టిస్తారట!

అది వచ్చినప్పుడు చూద్దాం. ఈలోగా, ఎవరూ ఇసుక పోయకుండానే, చార్మినార్‌కు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఓ తీరం రెండొందల ఏళ్లుగా ఉంది. ఒడ్డున జంతువులున్నాయి, రాజమహలుంది, దర్గా ఉంది, గుడి ఉంది. వాటి మధ్య గత మూడు నాలుగు దశాబ్దాల్లో పుట్టుకొచ్చిన కాలనీలున్నాయి. మీరాలం చెరువు నుంచి పల్లెచెరువు మీదుగా బాలాపూర్ గుర్రంచెరువు దాకా పరచుకున్న ఈ దక్షిణపు కొసను పాతబస్తీ అనొచ్చా అంటే... ప్రాకారం లోపలి పాత హైదరాబాదీలు ఒప్పుకోకపోవచ్చు. కానీ పాతబస్తీ పెరిగింది ఇటువైపే.

గల్ఫ్ రేవు పేరు పెట్టుకున్న కాలనీ

ఫలక్‌నుమా దాటి ముందుకెళితే ఓ కాలనీ బోర్డు కనిపిస్తుంది - అల్‌జుబైల్ కాలనీ. ఈ పేరు తెలుగూ కాదు, దక్కనీ కూడా కాదు. జుబైల్ అనేది సౌదీ అరేబియా తూర్పు తీరంలో ఉన్న రేవు పట్నం. ఒకప్పుడు జాలర్ల పల్లె. 1975లో సౌదీ ప్రభుత్వం జుబైల్, యాన్‌బూ పట్నాలను పారిశ్రామిక నగరాలుగా మార్చేందుకు ప్రత్యేకంగా ఒక రాయల్ కమిషన్‌నే వేసింది. చమురు శుద్ధి కర్మాగారాలు, ఎరువుల ఫ్యాక్టరీలు, ఉక్కు... ఇవన్నీ కట్టడానికి లక్షలాది చేతులు కావలసి వచ్చాయి. ఆ చేతుల్లో మన చేతులూ ఉన్నాయి. పాతబస్తీ గల్లీల నుంచి వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, డ్రైవర్లు, అకౌంటెంట్లు బొంబాయి మీదుగా విమానమెక్కింది ఆ రోజుల్లోనే.

వెళ్లినవాళ్లు డబ్బు పంపారు. ఇక్కడ ఉమ్మడి ఇళ్లు ఇరుకయ్యాయి. షాలిబండలోనో, మొఘల్‌పురాలోనో ఒకే దేవిడీని నలుగురు అన్నదమ్ములు పంచుకుంటే ఒక్కొక్కరికి ఓ గది, సగం దాలాన్ దక్కేవి. అంతకన్నా ఊరి బయట నూట యాభై గజాలో, రెండొందల గజాలో జాగా కొనుక్కోవడం నయం కదా! అలా దక్షిణాన కొత్త కాలనీలు వెలిశాయి. వాటిలో ఒకదానికి ఎడారి రేవు పేరొచ్చింది. సముద్రం లేని ఊళ్లో సముద్రతీరం పేరుతో కాలనీ! వినడానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ పేరు ఎంత నిజమైపోయిందో 2020లో తెలిసింది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఇంతకీ ఈ ప్రాంతానికి అరబ్బు తీరంతో చుట్టరికం గల్ఫ్ ఉద్యోగాలతో మొదలైంది కాదు. పక్కనే ఉన్న బార్కస్‌ను చూడండి. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బు సిపాయిల బ్యారక్‌లే జనం నోట్లో బార్కస్ అయ్యాయి. వాళ్లలో ఎక్కువమంది యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు. హద్రమౌత్‌కు రేవు ముకల్లా. ఆ రేవును 1967 దాకా ఏలిన ఖుఐతీ సుల్తానుల పూర్వీకులు హైదరాబాద్‌లో జమాదారులుగా కొలువు చేసి సంపాదించిన సొమ్ముతోనే అక్కడ రాజ్యం కట్టుకున్నారు. అంటే ఒకప్పుడు అరేబియా తీరం నుంచి ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చేవారన్నమాట. తర్వాత బండి తిరగబడింది!

దివాను గారి చెరువు

ఈ తీరానికి పెద్దదిక్కు మీరాలం చెరువు. నిజాముల దగ్గర దివానుగా పనిచేసిన మీర్ ఆలం అసలు పేరు మీర్ అబుల్ ఖాసిం. 1799లో టిప్పు సుల్తాన్‌ మీదికి ఇంగ్లీషువాళ్లతో కలిసి నిజాం పంపిన సేన వెంట వెళ్లిన ప్రముఖుడు. శ్రీరంగపట్నం పడిపోయాక వాటాగా వచ్చిన సొమ్ముతోనే ఈ చెరువు కట్టించాడని చెబుతారు. 1804లో దివాను పదవిలోకి వచ్చాడు. అదే ఏడాది పునాది పడింది. 1806లో పని పూర్తయింది. మరో రెండేళ్లకే, 1808లో ఆయన కన్నుమూశాడు. పాతబస్తీ గృహిణులకు ఈ దివాను పేరు మరో రకంగా పరిచయం. కూరగాయలకు, మిర్చికి, మసాలాలకు వెళ్లే మీరాలం మండీ ఆయన పేరు మీదే ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట కొట్టేదాకా మెడలు చాచి నిలబడతాం చూడండి... ఆ సాలార్‌జంగులూ మీర్ ఆలం కూతుళ్ల వైపు సంతతే.

చెరువు కన్నా చూడాల్సింది దాని కట్ట. మామూలుగా చెరువు కట్టంటే ఏం చేస్తాం? మట్టి పోసి, రాళ్లు పేర్చి, ఎంత నీరొస్తే అంత లావుగా కడతాం. నీటి ఒత్తిడిని బరువుతో ఆపాలన్నది లెక్క. ఇక్కడ అలా కాదు. ఇంటి గుమ్మం మీద ఉండే కమానును తీసి, నేల మీద పడుకోబెట్టినట్టు ఊహించుకోండి. అలాంటి అర్ధచంద్రాకారపు కమానులు 21, చిన్నవీ పెద్దవీ, ఒకదాని పక్కన ఒకటి. వంపు నీటివైపు. నీరు ఎంత నెడితే రాళ్లు అంతగా ఒకదానికొకటి బిగుసుకుంటాయి. ఆ తోపుడంతా రెండు కమానుల మధ్య నిలిచిన దిమ్మెలకు చేరుతుంది. దిమ్మెలు నేలకు అప్పజెబుతాయి. అంతే! అందుకే గోడ అంత లావు అక్కర్లేకపోయింది. రాయి, సున్నం తప్ప మరో సరుకు లేదు. సిమెంటు అప్పటికి పుట్టనే లేదు.

ఇలా అనేక కమానులతో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోకెల్లా తొలినాటి వాటిలో ఇదొకటని ఇంజినీరింగ్ చరిత్ర రాసేవాళ్లు లెక్కగడతారు. కట్ట పొడవు దాదాపు మైలు. రెండొందల ఏళ్లు దాటినా నీళ్లు ఆపుతూనే ఉంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి... ఇదే కట్ట మరో దేశంలో ఉంటే టికెట్టు పెట్టి, గైడును పెట్టి, నమూనా బొమ్మ చేసి పిల్లలకు చూపించేవాళ్లు. మన దగ్గర జూపార్కుకు ఏటా లక్షలమంది వస్తారు. వాళ్లలో ఎందరికి ఆ పక్కనున్న గోడ సంగతి తెలుసో!

1908లో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. అంతకుముందు హైదరాబాద్ దాహం తీర్చిన ముఖ్యమైన చెరువుల్లో మీరాలం ఒకటి. పెద్ద జలాశయాలు రాగానే దీని అవసరం తగ్గింది. అవసరం తగ్గిన చెరువుకు ఏం జరుగుతుందో మనకు తెలిసిందే. కాలనీలు పెరిగాయి, మురుగు వచ్చి చేరింది. గుర్రపుడెక్క అల్లుకుంది. దోమలు పెరిగాయి. ఒకప్పుడు జనం తాగిన నీళ్ల పక్కనుంచి ముక్కు మూసుకుని నడవాల్సిన రోజులొచ్చాయి. మురుగు శుద్ధి కేంద్రాలు, గుర్రపుడెక్క తీసే యంత్రాలు వచ్చాక పరిస్థితి కొంత మారింది గానీ, ఆ బాధ పూర్తిగా పోలేదు.

ఓ ఆదివారం ఇటు వస్తే...

పొద్దున్నే బయల్దేరితే మొదటి మజిలీ జూపార్కే. నెహ్రూ జూలాజికల్ పార్కుకు 1959లో అంకురార్పణ జరిగింది. 1963 అక్టోబరు 6న జనాన్ని లోపలికి అనుమతించారు. అంతకుముందు జంతువులు బాగేఆమ్‌లో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేవి. అక్కడ జాగా చాలక చెరువు పక్కకు మకాం మార్చారు. ఇప్పుడు విస్తీర్ణం 380 ఎకరాల దాకా ఉంటుంది. బాగేఆమ్‌ నాటి అతిథుల్లో ఒకటైన ఏనుగు రాణి 2021లో 83వ ఏట వెళ్లిపోయింది. గాలాపగోస్ తాబేలు 2024 మార్చిలో పోయింది. దాని వయసు 125 ఏళ్లు! అదే 2021లో ఈ జూలోని ఎనిమిది సింహాలకు కరోనా సోకినట్టు తేలి దేశమంతా ఉలిక్కిపడింది. అదృష్టం, అవి కోలుకున్నాయి.

పిల్లలున్న ఇంట్లో జూ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సఫారీ బస్సు, పాములిల్లు, బుల్లి రైలు, చీకట్లో తిరిగే జంతువుల గది. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే పులులు కూడా నీడపట్టునే ఉంటాయి. సోమవారం సెలవన్న సంగతి మరిచిపోకండి. శీతాకాలంలో వెళితే చెరువు మీదుగా ఎగిరే కొంగలు, గూడబాతులు అదనం. అవి ఏ బోనులోనూ లేవు!

జూ పక్కనే మీరాలం ఈద్గా. రంజాన్, బక్రీద్ నమాజులకు నగరంలో అన్నిటికన్నా ఎక్కువ జనం చేరేది ఇక్కడే. ఆ రోజుల్లో ఈ రోడ్డంతా తెల్లని దుస్తులే. మామూలు రోజుల్లో మైదానం ఖాళీగా, ప్రశాంతంగా ఉంటుంది.

ఈ తీరం పైనుంచి ఎలా ఉంటుందో చూడాలంటే కొత్త దారి ఒకటుంది. ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా కట్టిన ఆరు వరుసల ఫ్లైఓవర్. పొడవు 4 కిలోమీటర్ల పైచిలుకు. 2025 జనవరిలో ప్రారంభించారు, మన్మోహన్‌సింగ్ పేరు పెట్టారు. నగరంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే తర్వాత అంత పొడవైన ఫ్లైఓవర్ ఇదే. ఆరాంఘర్ వైపు నుంచి వస్తే చెరువు మీ ఎడమ చేతివైపు ఉంటుంది. బండి ఆపి ఫొటోలు దిగుదామనుకుంటే మాత్రం వద్దు... అది ఆగే చోటు కాదు.

మధ్యాహ్నం భోజనానికి బార్కస్ వెళ్లొచ్చు. పెద్ద పళ్లెంలో అన్నం, మీద మాంసం, చుట్టూ నలుగురు కూర్చుని తినే అరేబియన్ మండీ ఇప్పుడు నగరమంతా దొరుకుతుంది గానీ, దాన్ని హైదరాబాద్‌కు అలవాటు చేసిన వీధులివి. ఇక్కడి హరీస్ సంగతి వేరు. హలీంకు అమ్మలాంటిది. మసాలా ఘాటుండదు. గోధుమలు, మాంసం మెత్తగా ఉడికి కలిసిపోయి ఉంటాయి. తీపి హరీస్, ఉప్పు హరీస్ రెండూ చేస్తారు. తీపిదేంటని మొహం చిట్లించకండి. ఒకసారి తిన్నాక మాట్లాడండి! శాకాహారులైతే బార్కస్ జామపళ్లతో సరిపెట్టుకోవాలి. ఒకప్పుడు ఇక్కడ జామతోటలు విరివిగా ఉండేవి. ఇళ్లు పెరిగి తోటలు తరిగాయి. పళ్లబండి మీద పేరు మాత్రం నిలిచింది.

సాయంత్రం తల ఎత్తి చూస్తే కొండమీద ఫలక్‌నుమా ప్యాలెస్. పైగా నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసి కట్టించిన మహలు. కట్టి కట్టి అప్పులపాలయ్యాడంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దాన్ని తీసుకున్నాడు, 1911లో ఇక్కడే కన్నుమూశాడు. 1908 వరదప్పుడు మూసీ ఒడ్డుకు వెళ్లి, నదికి చీర, గాజులు, పసుపు కుంకుమలు సమర్పించి శాంతించమని వేడుకున్నాడని చెప్పుకొనేది ఈ మహబూబ్ పాషా గురించే. 101 మంది ఒకేసారి కూర్చుని తినగలిగే భోజనాల బల్ల ఇక్కడుంది. 2010 నుంచి ప్యాలెస్ తాజ్ హోటలైంది. 2017లో ఇవాంకా ట్రంప్‌కు విందు ఇచ్చింది ఇక్కడే. లోపలికి వెళ్లడం జేబు బరువును బట్టి ఉంటుంది. చుట్టూ ఉన్న బస్తీల పిల్లలకు అది రాత్రిపూట దీపాలతో వెలిగే దూరపు బొమ్మ.

ఇంకాస్త తిరిగే ఓపికుంటే చాంద్రాయణగుట్ట మీద కేశవగిరి చెన్నకేశవస్వామి గుడి ఉంది. అటు విమానాశ్రయం దారిలో కొండమీద పహాడీషరీఫ్, బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉంది. మెట్లెక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గానీ పైనుంచి ఊరు కనిపిస్తే మరిచిపోతాం. వినాయక నిమజ్జనం రోజైతే బాలాపూర్. 1994లో 450 రూపాయలతో మొదలైన లడ్డూ వేలం 2025లో 35 లక్షలకు చేరింది. ఈ గుడి, దర్గా, ఈద్గా, లడ్డూ అన్నీ ఒకే పూట తిరిగి రాగలిగినంత దగ్గరలో ఉన్నాయి.

నీరు దారి వెతుక్కున్న వారం

ఇక ఆ 2020 సంగతి. అక్టోబరు 13న వాన మొదలైంది. బేగంపేట వాతావరణ కేంద్రంలో ఒక్కరోజులో 19 సెంటీమీటర్ల పైగా నమోదైంది. మైలార్‌దేవుపల్లి దగ్గర పల్లెచెరువు పొంగింది. ఆ నీరు అలీనగర్ మీద పడి, ఒకే ఇంటికి చెందిన పలువురిని గుమ్మం ముందునుంచే లాక్కుపోయింది. అక్కణ్నుంచి కిందికి దిగి అల్‌జుబైల్ కాలనీని ముంచెత్తింది. వీధులు కాలువలయ్యాయి. నిలబెట్టిన కార్లు తేలాయి. జనాన్ని పడవల్లో బయటికి తెచ్చారు. గల్ఫ్ రేవు పేరు పెట్టుకున్న కాలనీలో నిజంగానే పడవలు తిరిగాయి.

అంతటితో అయిపోలేదు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వాన. అక్టోబరు 17 రాత్రి బాలాపూర్ గుర్రంచెరువు కట్ట తెగింది. హఫీజ్‌బాబానగర్‌తో పాటు దిగువన ఉన్న బస్తీలన్నీ మునిగాయి. పెళ్లి కోసం దాచిన బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు, కుట్టు మిషన్లు, దుకాణంలో సరుకు... ఏది పైకి ఎక్కించాలో, ఎవరిని ముందు ఎత్తుకోవాలో తెలియని రాత్రి అది. జూలో సఫారీ వైపు కూడా మీరాలం నీళ్లు చేరాయి. ప్రభుత్వం వరద బాధిత కుటుంబాలకు పదివేల రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. పదివేలతో ఒక ఫ్రిజ్ వస్తుందేమో. తడిసిన ఇంటి గోడ ఆరడానికే నెలలు పడుతుంది.

తప్పెవరిదని అడిగితే ఒక్క మాటలో జవాబు దొరకదు. చెరువుల గొలుసు అనేది దక్కన్‌లో పాతకాలపు ఏర్పాటు. పై చెరువు నిండితే అలుగు పోసి, ఆ నీరు కాలువ వెంట కింది చెరువుకు పోతుంది. అది నిండితే మరో దానికి. చివరికి మూసీకి. చెరువు ఎండి ఉన్న రోజుల్లో దాని శిఖం పొలంలా కనిపిస్తుంది. కాలువ దారిలా కనిపిస్తుంది. అది ప్లాట్లయింది. నోటరీ కాగితాల మీద చేతులు మారింది. కొన్నవాడు గల్ఫ్‌లో ఉన్నాడు. చూసి సంతకం పెట్టింది ఇక్కడి బావమరిదో, పెదనాన్న కొడుకో. కరెంటు కనెక్షన్ వచ్చింది, నీటి పైపు వచ్చింది, ఇంటి నంబరు పడింది. ఇన్ని వచ్చాక అది చెరువని ఎవరనుకుంటారు? ఎడారిలో ఇరవయ్యేళ్లు చెమటోడ్చిన సంపాదనను నీళ్లకు ఎదురుగా పెట్టామని ఎవరికి తెలుస్తుంది? ప్లాటు వేసినవాడికి మాత్రం తెలుసు. అతను ఆ కాలనీలో ఇల్లు కట్టుకోడు!

కొత్త వంతెన, పాత గీత

2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక చెరువుల మాట మళ్లీ ఇంటింటా వినబడింది. శివరాంపల్లి దగ్గర బమ్ రుక్నుద్దౌలా చెరువుంది. 18వ శతాబ్దంలో నిజాం దివాను రుక్నుద్దౌలా కట్టించినది. దాని నీళ్లలో ఔషధ గుణాలున్నాయని పాతకాలం వాళ్లు చెప్పుకొనేవారు. అది కుంచించుకుపోయి దాదాపు మాయమయ్యే దశలో ఉంటే 2024 ఆగస్టులో ఆక్రమణలు కూల్చారు. తర్వాత పూడిక తీసి చెరువును తిరిగి చెరువులా నిలబెట్టే పనులు చేపట్టారు. చెరువు తిరిగి రావడం మంచిదే. అలుగు పోసే నీరు నిలిచే చోటు మరొకటి దొరికింది. కానీ కూలిన ఇంటి ముందు నిలబడినవాళ్లకు ఆ సంతోషంలో వాటా ఉండదు. ప్లాటు అమ్మినవాణ్ని వదిలి కొన్నవాడి గోడ మీదికే యంత్రం ఎందుకొస్తుందన్న వాళ్ల ప్రశ్న న్యాయమైందే.

ఇప్పుడు మీరాలం చెరువు మీద భారీ వంతెన రాబోతోంది. 2025లో ప్రభుత్వం 430 కోట్ల రూపాయల అంచనాతో మంజూరు చేసింది. చింతల్‌మెట్ వైపు నుంచి బెంగళూరు హైవే వైపుకు, సుమారు రెండున్నర కిలోమీటర్లు. చెరువులోని దీవులను పర్యాటక ప్రాంతాలుగా తీర్చిదిద్దాలన్న ఆలోచన కూడా ఉంది. పాతబస్తీకి మెట్రో కోసం ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మార్గానికి 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేశారు. ఇవన్నీ పూర్తయితే ఈ తీరానికి హైటెక్‌సిటీ నుంచి కూడా జనం వస్తారు. వచ్చేవాళ్ల సంగతి సరే. హసన్‌నగర్‌లోనో, చింతల్‌మెట్‌లోనో ఇప్పటికే చెరువు పక్కన ఉంటున్న ఇంటి పెద్దావిడ సాయంత్రం పూట మనవణ్ని తీసుకుని ఒడ్డున కూర్చోవడానికి ఓ బెంచీ, దుర్వాసన రాని గాలి ఉంటాయా అన్నది కూడా ఆ అంచనాలో ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆకర్షణ అంటే దూరం నుంచి వచ్చేవాళ్లకే కాదుగా!

వంతెన మాట వినగానే చుట్టుపక్కల జాగాల ధరలు ఊపందుకుంటాయి. 'లేక్ వ్యూ' అన్న మాట బ్రోచర్లలోకి వస్తుంది. అలాంటి బ్రోచర్ మీ చేతికొస్తే, సంతకానికి ముందు చూడాల్సినవి కొన్నున్నాయి. చెరువు నిండినప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. దాని లోపల ఏ కట్టడమూ కుదరదు. పది హెక్టార్లు, అంతకుమించిన చెరువైతే ఆ గీత నుంచి మరో 30 మీటర్లు ఖాళీగా వదలాలి. చిన్న చెరువులకు 9 మీటర్లు. నాలాలకు కూడా ఇలాంటి హద్దులున్నాయి. ప్లాటు సర్వే నంబరును హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపుతో సరిచూసుకోవాలి. రిజిస్ట్రేషనా, నోటరీయా అన్నది చూడాలి. పేరులో చెరువు, కుంట, కట్ట, తాలాబ్ ఉన్న బస్తీ అయితే మరో రెండు ప్రశ్నలు ఎక్కువే అడగాలి. అన్నిటికన్నా తేలికైనది ఇంకోటుంది. ఆ వీధిలో ఎప్పటినుంచో ఉంటున్న కిరాణా కొట్టాయన్ని, 2020లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడగండి. ఆయన మ్యాపు తీయడు. గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు.